బిడారు నాయక్ నుంచి పీతల కాటా దాకా

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా విజయవాడలో జరిగిన యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపారంలో సమర్థుడైన నాయకుడు ఎలా ఉండాలో మాట్లాడమని నాకు చెప్పారు. ఈ పేరుతో బెంజి సర్కిల్ దగ్గర హోటళ్లలో సదస్సులు తరచూ జరుగుతూనే ఉంటాయి. కరచాలనం ఎలా చెయ్యాలి, ఇంగ్లీషులో ఎలా పలకరించాలి, చొక్కా ఏ రంగుది వేసుకోవాలి, అన్నీ చెబుతారు. వాటికి ఫీజు కూడా ఉంటుంది. నేను బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి, అదీ ఎక్కువ భాగం పల్లెటూరి శాఖల్లో. అప్పు ఇచ్చేవాడు మనిషి చొక్కా చూడడు. వీడు చెప్పిన రోజున వస్తాడా, వీడి లెక్క వీడికి తెలుసా, వీడు మంచాన పడితే ఈ పని ఎవరు నడుపుతారు, ఇవి చూస్తాడు. ఆ కళ్లతోనే ఈ నాలుగు మాటలు చెబుతాను.

ముందుగా ఒక అపోహ సంగతి తేలుద్దాం. "మీవాళ్లకు వ్యాపారం అలవాటు లేదు కదా" అని మన పిల్లలతో చాలామంది అంటారు. జాలిగా అంటారు కాబట్టి మనవాళ్లూ తలూపుతారు. ఈ సభలో ఎంతమంది పేరు చివర నాయక్ అని ఉందో చూడండి. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? తండా పెద్ద నాయక్. తండా అంటే ఇవాళ ఊరి చివర ఉన్న నాలుగు వీధులు. అప్పట్లో అది నడిచే ఊరు. ఎద్దుల వీపున ధాన్యం, ఉప్పు వేసుకుని దక్కను అంతటా తిరిగిన బిడారు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో గోల్కొండకూ మన బందరుకూ వచ్చినవాడు. అతను ఈ బిడారుల గురించి వివరంగా రాశాడు. ఒక్కొక్క బిడారులో పది, పన్నెండు వేల ఎద్దులు ఉండేవట. ధాన్యం మోసేవాళ్లు ధాన్యమే, బియ్యం మోసేవాళ్లు బియ్యమే, పప్పులు మోసేవాళ్లు పప్పులే, ఉప్పు మోసేవాళ్లు ఉప్పే.

పదివేల ఎద్దులను వందల మైళ్లు నడిపించడం అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. ఏ వాగు దగ్గర ఏ నెలలో నీళ్లుంటాయో, ఏ బీడులో గడ్డి దొరుకుతుందో తెలియాలి. మేత కొనకుండా దారిలోని గడ్డితోనే ఎద్దులు బతుకుతాయి కాబట్టే ఆ రవాణా చవక. అదే వాళ్ల వ్యాపారం గుట్టు. ఒక మజిలీలో లెక్క తప్పితే లాభం మొత్తం ఎద్దుల కళేబరాలుగా దారి పక్కన పడి ఉంటుంది. పైగా యుద్ధాల కాలం. మొగలు సైన్యాలకైనా, తరువాత మైసూరు మీదికి నడిచిన కారన్‌వాలిస్ సైన్యానికైనా తిండి మోసింది లంబాడీ బిడారులే. సైన్యం ఎవరిదైనా తిండి కావాలి కాబట్టి వీళ్ల జోలికి పోవడానికి రాజులు వెనకాడేవారు. వీళ్లు ధాన్యం తెస్తామంటే తెస్తారన్న నమ్మకమే వాళ్లకు రక్షణ. ఆ నమ్మకాన్ని నిలబెట్టవలసిన బాధ్యత నాయక్‌ది.

టావెర్నియే ఇంకో సంగతి కూడా రాశాడు. నాయకుల మెడలో ముత్యాల హారం ఉండేదట, రాజుల్లా డాబుగా ఉండేవారట. ధాన్యం బిడారు, బియ్యం బిడారు ఎదురుపడితే ఎవరు దారి ఇవ్వాలన్న పంతంతో రక్తం కారేలా కొట్టుకునేవారట. చివరికి మొగలు చక్రవర్తి ఇద్దరు నాయకులను పిలిపించి, చెరొక లక్ష రూపాయలు, చెరొక ముత్యాల హారం ఇచ్చి రాజీ చేశాడని రాశాడు. నాకు ఇది చదివినప్పుడల్లా మన సంఘాల ఎన్నికలు గుర్తొస్తాయి. నవ్వుతున్నారు కానీ, ఇందులో మనకు తెలియని కథేమీ లేదు.

ఎరుకల తమ్ముళ్లు, మీ సంగతీ అంతే. మీ పెద్దల్లో ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల అని శాఖలున్నాయి. ఇవన్నీ సరుకుల పేర్లు. తీరాన కొటారుల దగ్గర ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్లకు మోసి, అక్కడి ధాన్యం తెచ్చినవాళ్లు ఉప్పు ఎరుకలవాళ్లు. వెదురు దబ్బలు చీల్చి బుట్టలు అల్లినవాళ్లు దబ్బ ఎరుకల. పడుగుకు గంజి పట్టించే కుంచెలు చేసి సాలెవారికి అమ్మినవాళ్లు కుంచె ఎరుకల. ఒక జాతి తన శాఖలకు సరుకుల పేర్లు పెట్టుకుందంటే దానికి వ్యాపారం రాదని ఎలా అంటారు?

మరి ఏమైంది? 1805లో ఉప్పు మీద కంపెనీవాళ్లు గుత్తాధిపత్యం తెచ్చారు. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది, డెల్టా కాలువల్లో పడవలు తిరిగాయి. 1889లో సికిందరాబాదు నుంచి బెజవాడకు రైలు వచ్చింది. ఎద్దు వీపు మీది బస్తా పడవెక్కింది, పడవలోది రైలెక్కింది. ఇది ఒక్క మన ప్రాంతం కథే కాదు, దక్కను అంతటా ఇదే జరిగింది. తిరిగే వ్యాపారం పోయినవాళ్లను తిరుగుతున్నందుకే అనుమానించారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఉప్పు అమ్మినవాడి మనవడు పోలీసు స్టేషన్‌లో హాజరు వేయించుకోవలసి వచ్చింది. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. ఇది మీ తాతల కాలం నాటి సంగతే, పురాణం కాదు.

దీన్ని మీకు ఏడవడానికి చెప్పడం లేదు. వ్యాపారం చేసేవాళ్లుగా దీన్ని చూడమంటున్నాను. ఆ నాయకులు దారిలో ఆరితేరినవాళ్లు. కానీ దారే మారిపోయింది. ఇవాళ మీరు ఆటో నడుపుతున్నా, ఫోన్‌లో ఆర్డర్లు తీసుకుని సరుకు చేరవేస్తున్నా, చెరువుల మీద కాపలా ఉన్నా, నా కింద ఉన్న దారి ఎవరిది, అది రేపు మారితే నేనేం చేస్తాను అన్న ప్రశ్న ముఠాలో ఒక్కడికైనా ఉండాలి. నా లెక్కలో నాయకుడు వాడే. అందరికంటే గొంతు పెద్దదైనవాడు కానక్కరలేదు.

కృష్ణా జిల్లాలో పామర్రు దగ్గర ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గురించి విన్నారు కదా. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కొత్త మందును కొనమంటే ఎవరు కొంటారు? సంగీత సభల్లో, సమావేశాల్లో ఉచితంగా పంచారు. రాసుకున్నవాడికి తలనొప్పి తగ్గితే మర్నాడు వాడే వెతుక్కుంటూ వస్తాడు. ఆ డబ్బుతో ఆంధ్ర పత్రిక నడిపారు, గ్రంథమాల పెట్టారు, దానాలు చేశారు. ఆయనకు చదువు, కులం, పరిచయాలు ఉన్నాయి, మనకు లేవు అంటారా? నిజమే, ఉన్నాయి. ఆ తేడాను దాచిపెట్టి ఆయనలా అవ్వండి అని చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ సరుకు మీద అంత ధీమా ఉండటానికి కులం అక్కర్లేదు. ఊరికే ఇచ్చినా నష్టపోనన్న నమ్మకం సరుకు మంచిదైతేనే వస్తుంది.

మంచి సరుకు అన్నాను కాబట్టి, ఇప్పుడు అసలు కష్టమైన మాటకు వస్తాను. మనలో వ్యాపారం పెట్టినవాడికి మొదటి పరీక్ష బయటివాళ్ల నుంచి రాదు. మేనమామ నుంచి, బావమరిది నుంచి వస్తుంది.

అరకు కాఫీ సంగతి చూడండి. గిరిజనుల సరుకును షావుకార్ల చేతిలో పడకుండా న్యాయమైన ధరకు కొనడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారు. చింతపండు, తేనె, కొండచీపుళ్లు, కుంకుళ్లు, తరువాత కాఫీ. అది ప్రభుత్వం చేసిన పని. ఆ తరువాత ఏజెన్సీలో చిన్న రైతులు పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద తమ సంఘం కట్టుకున్నారు. ఆ చట్టం మన రాష్ట్రంలో 1995లో వచ్చింది. ఆ కాఫీని 2017లో ప్యారిస్‌లో దుకాణం తెరిచి అమ్మారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇవి పేపర్లో చదివి ఉంటారు. పేపర్లో రానిది ఒకటుంది. మంచి కాఫీకి ఎర్రగా పండిన పండే కోయాలి. కొమ్మ పట్టుకుని ఒక్కసారి దూస్తే పచ్చివీ, పండువీ కలిసి వస్తాయి, పని తొందరగా అయిపోతుంది. ఎర్రవి మాత్రమే ఏరాలంటే అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. బుట్టలో పచ్చికాయలుంటే సేకరణ కేంద్రం దగ్గర ఉన్నవాడు వద్దనాలి. ఆ బుట్ట తెచ్చింది ఎవరు? అదే ఊరివాడు, చుట్టం, నిన్న పెళ్లిలో పక్కన కూర్చుని తిన్నవాడు. ఆ ఒక్క "వద్దు" అనలేకపోతే ప్యారిస్ లేదు, గుర్తింపూ లేదు.

నేను కళ్లారా చూసిన సంగతి చెబుతాను. దివిసీమలో ఒక యానాది కాలనీ. ఊరి పేరు, మనిషి పేరు చెప్పను, ఆమెకు అది నచ్చదు. మడ అడవుల్లో పీతలు పట్టి బతికే ఇళ్లు. పీతల వ్యాపారి వలలకు, పడవకు అడ్వాన్సు ఇస్తాడు. అడ్వాన్సు తీసుకున్నవాడు పట్టినదంతా ఆయనకే వెయ్యాలి, ఆయన కాటా మీదే, ఆయన చెప్పిన ధరకే. పీత బతికి ఉన్నంతసేపే దానికి ధర. కాబట్టి బేరమాడటానికి టైము కూడా ఉండదు. కాలు విరిగిందని కొంత, మెత్తగా ఉందని కొంత కోత. ఏళ్ల తరబడి పట్టినా అడ్వాన్సు తీరదు.

ఆ కాలనీలో ఒక ఆడమనిషి డ్వాక్రా గ్రూపు అప్పుతో ఒక ఎలక్ట్రానిక్ కాటా కొంది. బ్యాంకువాడిగా నేను గేదె కొంటుందేమో అనుకున్నాను. కాటా అనేసరికి ఆశ్చర్యపోయాను. దాన్ని ఇంట్లో పెట్టలేదు. వీధి మధ్యలో, బోరింగు దగ్గర, అందరికీ అంకెలు కనపడేలా పెట్టింది. మొదట్లో కొనలేదు, అమ్మలేదు. వ్యాపారి దగ్గరికి వెళ్లే ముందు ఎవరి పీతలు వాళ్లు తూచుకుని వెళ్లమంది, అంతే. ఒక నెల గడిచేసరికి వ్యాపారి కాటాలో తేడా ఎంతో కాలనీలో పిల్లలకు కూడా తెలిసిపోయింది. ఆ తరువాత ఇద్దరు ముగ్గురు వ్యాపారులకు ఫోన్ చేసి ఆ రోజు ధర కనుక్కుని పలక మీద రాసేది. ఆ తరువాతే పీతలు తనే కొనడం మొదలుపెట్టింది. సాయంత్రం తూచిన దానికి సాయంత్రమే డబ్బు.

ఒకరోజు నేను అక్కడే ఉన్నాను. ఆమె అన్న కొడుకు పీతలు తెచ్చాడు. పీత డెక్కలు కదలకుండా తాడుతో కడతారు కదా. లావు తాడు నీళ్లలో నానబెట్టి కడితే బరువు పెరుగుతుంది. ఆమె ఒక తాడు విప్పి పిండింది. నీళ్లు కారాయి. అన్నీ విప్పి, సన్నటి పొడి తాళ్లతో కట్టి మళ్లీ తూచమంది. కుర్రాడికి నలుగురిలో తల కొట్టేసినట్టయింది. "అత్తా, నీక్కూడా నేను దొంగనేనా?" అన్నాడు. ఆ మాట మన నోట వస్తే ఎంత బరువుంటుందో మీకు చెప్పక్కరలేదు. ఆమె తల ఎత్తకుండానే అంది, "దొంగవి కాదురా. తాడు తడిగా ఉంది." మళ్లీ తూచి, వచ్చిన బరువుకు పూర్తి ధర కట్టి డబ్బు చేతిలో పెట్టింది. వాడు మర్నాడు రాలేదు. మూడో రోజు పొడి తాళ్లతో వచ్చాడు.

నేను ఎన్నో మేనేజ్‌మెంట్ శిక్షణలకు వెళ్లాను, బ్యాంకు పంపింది కాబట్టి. ఆ ఒక్క మాటకు సమానమైనది ఏ శిక్షణలోనూ వినలేదు. తప్పును తాడుకు కట్టింది, మనిషికి కట్టలేదు. అలాగని తప్పును వదిలిపెట్టనూ లేదు. చుట్టమని ఊరుకుని ఉంటే మిగతా ఇరవై ఇళ్లవాళ్లు మర్నాడు తాళ్లు నానబెట్టేవారు. దొంగా అని తిట్టి ఉంటే ఆ కుర్రాడు మళ్లీ పాత వ్యాపారి అడ్వాన్సుకే వెళ్లేవాడు.

ఇంకోటి. పక్కింటి పిల్ల ఇంటర్ తప్పి ఖాళీగా ఉంటే ఆ పిల్లను కాటా దగ్గర కూర్చోబెట్టి పుస్తకం రాయించింది. తరువాత ఈమెకు ఆపరేషనై రెండు నెలలు మంచంలో ఉంటే ఆ పిల్ల నడిపింది. తండాలో నాయక్‌తో పాటు కారోభారి ఉండేవాడు చూడండి, అలా. బందరులో 1923లో పట్టాభి సీతారామయ్యగారు లక్ష రూపాయల మూలధనంతో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1942లో ఆయన్ను అహ్మద్‌నగర్ కోటలో దాదాపు మూడేళ్లు బంధించినా బ్యాంకు తలుపులు మూతపడలేదు. చిన్న కాటా అయినా పెద్ద బ్యాంకు అయినా, పెట్టినవాడు లేని రోజున తెరుచుకుంటుందా అనేదే నేను చూసేది.

మీలో కొందరు మేస్త్రీలుగా ఉన్నారు. ముఠాను కట్టి పనికి తీసుకెళ్తారు. అదీ వ్యాపారమే, మీరూ నాయకులే. చేపల చెరువు యజమాని ఇచ్చిన అడ్వాన్సులో ఎంత ముఠాకు పంచారు, ఎంత ఉంచుకున్నారు, ఎవరి పేరున ఎంత బాకీ ఉంది, ఇది చీటీ మీద రాసి చేతికి ఇచ్చేవాడు ఒక రకం. "నేను చూసుకుంటాలే" అనేవాడు ఇంకో రకం. రెండోవాణ్ణి నేను నమ్మను, అతను ఎంత మంచివాడైనా సరే. బాకీ పేరుతో మనిషిని కట్టిపడేయడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ చట్టమే నేరమంది. ఆ పని మనవాడే మనవాళ్ల మీద చేస్తే ఏ సంఘం కాపాడుతుంది?

అప్పుల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2006 మార్చిలో అప్పటి కృష్ణా జిల్లాలో సూక్ష్మరుణ సంస్థల శాఖలను సుమారు 50 దాకా అధికారులు మూయించారు. ఒకే ఇంటి మీద మూడు నాలుగు సంస్థల అప్పులు, వారం వారం వసూళ్లు. అప్పు దొరకడం సులువైన రోజునే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇప్పుడు ఫోన్‌లో వేలు నొక్కితే అప్పు వస్తోంది. దానికి వ్యాపారం అని పేరు పెట్టకండి.

ఇక చివరగా, మీకు ఎదురయ్యేదీ, ఎవరూ సభల్లో మాట్లాడనిదీ ఒకటుంది. చదువుకున్న ఎస్టీ కుర్రాడి ఇంటికి ఒక పెద్దమనిషి కారులో వస్తాడు. పెట్రోలు బంకో, గ్యాసు ఏజెన్సీయో, కాంట్రాక్టో రిజర్వేషన్‌లో వస్తోంది. "నీ సర్టిఫికెట్, నీ సంతకం చాలు బాబూ. పెట్టుబడి నాది, తిప్పలు నావి. నెలకు ఇంత నీకు." ఇంట్లో అమ్మ ముఖం చూస్తారు, చెల్లి ఫీజు గుర్తొస్తుంది. సంతకం పెడతారు. పెట్టినవాళ్లను నేను తిట్టను. ఆకలి ముందు ఉపన్యాసం పనికిరాదు. కానీ లెక్క చెప్పడం నా వృత్తి. పేరు మీది కాబట్టి పన్ను నోటీసు మీకు వస్తుంది. బ్యాంకు అప్పు మీ పేరున ఉంటుంది. అది ఎగ్గొడితే మీ సిబిల్ రికార్డు పోతుంది, తరువాత మీరు నిజంగా ఏదైనా పెట్టుకుందామంటే ఏ బ్యాంకూ దగ్గరికి రానివ్వదు. నెలకు వచ్చే ఆ కొద్ది డబ్బుకు మీరు అమ్మింది సంతకం కాదు, మీ తరువాతి ఇరవై ఏళ్లు.

ఈ ఏర్పాట్లు ఎందుకు పెట్టారో చూడండి. 2016లో మొదలైన స్టాండప్ ఇండియా కింద ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇచ్చేవారు. భాగస్వామ్యమైతే 51 శాతం వాటా, నిర్వహణ అధికారం వాళ్ల చేతిలోనే ఉండాలనేవారు. 2012 నాటి ఉత్తర్వు ప్రకారం కేంద్ర ప్రభుత్వ సంస్థలు చేసే కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. ఆ వాటాకు సరుకు సరఫరా చేసే మనవాళ్లు సరిపడా లేకపోవడం వల్లే కారులో పెద్దమనుషులు వస్తున్నారు. డబ్బున్న భాగస్వామిని వద్దనడం లేదు. తీసుకోండి. కానీ చెక్కు పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది, సరుకు ఎక్కడ కొంటారు, బిల్లు ఎవరు చూస్తారు, ఈ మూడు అడగండి. ఆయన ముఖం మాడితే మీకు జవాబు దొరికినట్టే. ఆయన ఓపికగా చెబితే కూర్చుని నేర్చుకోండి. రెండేళ్లలో ఆ పని మీకే వస్తుంది. ఇక్కడ ఆటోనగర్‌లో షెడ్డు యజమానుల్లో ఎంతమంది ఒకప్పుడు ఇంకొకడి షెడ్డులో పానాలు అందించిన కుర్రాళ్లో అడిగి చూడండి.

భోజనాల వేళ అయింది, వంటవాళ్లు నా వంక చూస్తున్నారు. మధ్యాహ్నం రెండు గంటల నుంచి తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటాను. పథకాల దరఖాస్తులు తెచ్చాను. వచ్చేవాళ్లు ఒక నోటు పుస్తకంలో పోయిన నెల మీ ఇంటికి వచ్చింది ఎంత, పోయింది ఎంత రాసుకుని రండి. గుర్తులేకపోతే పక్కన కూర్చుని ఇద్దరం కలిసి రాద్దాం. మేస్త్రీలు మీ ముఠా చీటీలు తెచ్చుకోండి. కారులో పెద్దమనిషి వచ్చి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ కాగితాల మీద సంతకం పెట్టే ముందు ఒకసారి నాకు చూపించండి. నలుగురిలో చూపించడం ఇష్టం లేకపోతే సభ అయ్యాక రండి, సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను.